పెడచెవి

దర్జీపని చేసే ఆవిడ రోజూ సాయంత్రం మొగుడు గుమ్మంలో చెప్పులు విప్పగానే దగ్గరికెళ్లి నోరు వాసన చూసేది. క్రేన్ నడిపే మనిషి గోడలు పట్టుకుంటూ ఇంట్లోకొచ్చి, బకెట్ దగ్గర కూలబడి కక్కుకుంటుంటే ఏ పెళ్లామైనా ఏమనుకుంటుంది? వాసన మాత్రం వచ్చేది కాదు. రాకపోయేసరికి అనుమానం ఇంకా ముదిరింది. వాసన రాని మందు కూడా కనిపెట్టేశారు కాబోలు, పాడు లోకం.

చెవిలో నీరు చేరిందేమో, పరీక్ష చేయించమన్నాడు డాక్టరు. ఆవిడ నమ్మితేగా. పరీక్షలో ఏమీ లేదని తేలితే ఆస్పత్రి నుంచి అటే వచ్చేస్తానని అక్కకి మాటిచ్చి, బట్టలు సర్దుకునే వచ్చింది.

చెవి పరీక్షలు చేసే అమ్మాయి ఆయన్ని బల్లమీద పడుకోబెట్టి, నుదుటికి తీగలంటించింది.

"ఏ చెవమ్మా?"

"ఇంకే చెవి, పెడచెవే. నా మాట ఏనాడు విన్నాడు గనక."

ఆ అమ్మాయి ఎడమ చెవిలోకి సన్నటి తీగ పంపి, టకటకమని చప్పుళ్లు వినిపించింది. తెరమీది గీతలో ఓ చిన్న గుబ్బ, పక్కనే పెద్ద గుబ్బ లేచాయి.

"చెవి శుభ్రంగా ఉందమ్మా. చప్పుడికి లోపల పుట్టే కరెంటు ఇలాగే ఉండాలి. నీరు చేరితే ఈ చిన్నది పైకి లేస్తుంది."

"నేను ముందే చెప్పాను." ఆవిడ సంచీ భుజానికి తగిలించుకుంది.

"దిబ్బడేసింది కుడిచెవండీ" అన్నాడాయన, కళ్లు తెరవకుండానే.

"మరి ఎడమ చెవన్నారుగా?"

"పెడచెవన్నాను తల్లీ."

తీగ కుడిచెవిలోకి మారింది. ఈసారి చిన్న గుబ్బ పెద్దదాని మెడదాకా లేచింది. నీరు చేరిన చెవి, దాచుకున్న మాటలన్నీ తీగలోంచి బయటికి చెప్పేయడం మామూలే కాబట్టి, ఆ అమ్మాయి స్పీకరు సౌండు తగ్గించబోయింది.

"తగ్గించకమ్మా. అందులో ఎవత్తి మాటలున్నాయో నేనూ వింటా."

స్పీకరు గరగరమంది. ఆడగొంతే. ఆవిడ ముందుకు వంగింది.

"అంతా నటన అక్కా. పని ఎగ్గొట్టడానికి. ఆ క్రేన్ మీంచి పడినా పీడా విరగడయ్యేది."

ఆ గొంతు ఆవిడదే. మధ్యాహ్నం పూట ఆయన నిద్రపోతున్నాడనుకుని, మిషను ముందు కూర్చుని ఫోన్లో అన్న మాట. సిగ్గుతో ఆవిడకి ప్రాణం చచ్చిపోయింది.

"ఆపెయ్యమ్మా."

"ఆపినా ఒకటేనండి" అన్నాడాయన. "నాకు రోజంతా వినబడుతూనే ఉంటుంది."

"మరి నన్నొక్కసారైనా అడగలేదేం?"

"అడిగితే నిజమేనంటావేమోనని."

బయట వరండాలో ఆయన గోడకోసం చెయ్యి చాపితే ఆవిడ భుజం అందించింది. అంతలో ఫోన్ మోగింది. బయల్దేరావా అని అడుగుతోంది అక్క.

ఆవిడ ఆయన కుడివైపుకి వచ్చి, చెవికి ఆనుకునేంత దగ్గరగా నిలబడింది.

"రావట్లేదక్కా. ఈయనకి నిజంగానే బాలేదు. నేనే..." సంచీ కింద పెట్టింది. "రావట్లేదు" అంది మళ్లీ, ఆ చెవి నీళ్లలో పడాలని, కాస్త గట్టిగా.