వెర్నింగ్ ఇంటి ముద్ర

క్లెమెన్స్ వెర్నింగ్‌కు లేనిదల్లా ఒక వంశచిహ్నం. పక్క ఊళ్లో బీరు కాచేవాడు గుమ్మం మీద రెండు సింహాలను చెక్కించుకున్నప్పటి నుంచి ఆయనకు తిండి సహించడం లేదు. సింహాన్ని చూసి ఎరగనివాడికే అంత హంగు ఉంటే, ఐదు వందల ఏళ్ల పేరున్న వెర్నింగ్‌లకు ఎంత ఉండాలి? డాలు, డాలు మీద ఇనుప టోపీ, మధ్యలో అడవి పంది తల. బొమ్మ ఆయన మనసులో ఎప్పుడో సిద్ధమైంది.

కూతురు తెక్లాకు ఆ డాలు పేరెత్తితేనే ఒళ్లు మంట. దాన్ని అడ్డం పెట్టుకునే తండ్రి ఆమె పెళ్లి ఆపుతున్నాడు. అన్నలిద్దరూ రష్యా యుద్ధం నుంచి తిరిగి రాలేదు. ముప్పై ఒకటో ఏట ఆమె చేసుకుంటానన్నది రైన్‌హోల్ట్ కలూజాను. యుద్ధం అయ్యాక తూర్పున సైలీషియా నుంచి జర్మన్లను తరిమేస్తే ఒక్క పెట్టెతో వచ్చి, ఏడేళ్లుగా వాళ్ల పొలంలోనే పనిచేస్తున్నాడు.

"కలూజా అట, కలూజా! నా తర్వాత ఈ గుమ్మానికి ఆ పేరు వేలాడాలా?" అనేవాడు క్లెమెన్స్. "డాలు రానీ. ఏం పారేసుకుంటున్నావో అప్పుడు తెలుస్తుంది నీకు."

డాలుకు ఆధారం వెతకమని క్లెమెన్స్ అడిగితే, చలికాలమంతా చర్చి పుస్తకాలు తిరగేసిన బడి మాస్టారు నీహుస్ ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక వచ్చారు. తెక్లా కాఫీ పోసి, ప్లమ్ పళ్ల కేకు ముందు పెట్టింది. మాస్టారు రెండు ముక్కలు తిన్నాకే అసలు సంగతి ఎత్తారు.

"మీ ముత్తాత ఎక్కడివాడు, క్లెమెన్స్ గారూ?"

"ఎక్కడివాడేంటి మాస్టారూ? ఈ ఇంటివాడే."

"కాదండీ. యాన్ క్రుక్ అని పందుల కాపరి. తూర్పు నుంచి వచ్చాడు, ఊరు తెలియదు అని రాశాడు అప్పటి పాస్టరు. వెర్నింగ్ గారి వితంతువును పెళ్లాడి వెర్నింగ్ అయ్యాడు. ఆవిడ మొదటి మొగుడి తాతా అలా వచ్చినవాడే, దారి తప్పిన సిపాయి. ఇలా మొత్తం నాలుగుసార్లు జరిగింది."

వెస్ట్‌ఫాలియాలో పేరు పొలానిది. ఇల్లరికం వచ్చినవాడు తన పేరు గడప బయట వదిలి పొలం పేరు పెట్టుకోవడం పాత ఆచారం. క్లెమెన్స్‌కు అది తెలియక కాదు. ఎదురింటివాళ్లు అలా వచ్చినవాళ్లేనని ఆయనే ఎన్నోసార్లు ఎగతాళి చేశాడు. తన ఇంట్లో మాత్రం జరగలేదనుకున్నాడు, అంతే.

"మరి డాలు?" అన్నాడు క్లెమెన్స్.

"వాకిటి దూలం మీద ఉందే, మూడు గీతల ముద్ర, అదొక్కటే ఈ ఇంటిది. వచ్చినవాడల్లా దాన్నే వాడాడు. పంది తల కూడా ఉంచుకోండి కావాలంటే, ముత్తాతగారి వృత్తికి సరిపోతుంది."

తెక్లాకు నవ్వొచ్చింది, నవ్వలేదు. "నాన్నా, ఊరూపేరూ లేని కాపరికి ఈ ఇల్లే ఇచ్చారు కదా మనవాళ్లు. రైన్‌హోల్ట్ ఏం పాపం చేశాడు?"

"వాళ్లు పేరు కూడా ఇవ్వగలిగారే! ఇప్పుడు అల్లుడు మన పేరు పెట్టుకోవడానికి చట్టం ఒప్పుకోదు." ఆయన కేకు పళ్లెం పక్కకు జరిపాడు. "మీ అన్నల్లో ఒక్కడు తిరిగొచ్చినా నాకీ ఏడుపు ఉండేది కాదు."

ఆమెకు ఇన్నేళ్ల కోపమూ ఆ ఒక్క మాటతో నీరుగారిపోయింది. పేరు కోసం కాదు, కొడుకుల కోసం ఈయన ఇంత మొండికేశాడని అప్పుడు అర్థమైంది.

మర్నాడు పొద్దున క్లెమెన్స్ కొట్టంలోకి వెళ్లాడు. చేతిలో ముద్ర వేసే ఇనుప కడ్డీ ఉంది. పనిముట్ల మీద ఇంటి ముద్ర కాల్చేది ఇంటి యజమానే. కొడుకులు బతికున్నప్పుడు కూడా ఆయన దాన్ని వాళ్ల చేతికి ఇవ్వలేదు.

"కొత్త పారలకు కాడలు వేశావు కదా," అన్నాడు రైన్‌హోల్ట్‌తో. "ముద్ర వెయ్యి."

"నేనా?"

"కాక నీ వెనకాల ఎవరున్నారయ్యా?"

రైన్‌హోల్ట్ కడ్డీ కాల్చాడు. అలవాటు లేక, మొదటి కాడ మీద మూడు గీతలూ వంకరగా పడ్డాయి. గుమ్మంలో నిలబడిన తెక్లా తండ్రి వైపు చూసింది.

క్లెమెన్స్ కాడను వెలుతురులోకి తీసుకెళ్లి తిప్పితిప్పి చూశాడు.

"ఆ యాన్ కూడా మొదటిది ఇలాగే వేసుంటాడు," అని రెండో కాడ అందించాడు.