కడిగి తెచ్చిన డబ్బా

పదిహేను రోజులుగా మా అనూహ్య లంచ్ డబ్బా స్కూల్లోనే కడిగి తెస్తోంది. సాయంత్రం సింకులో నాకొక గిన్నె తగ్గింది. పదో తరగతి పిల్ల, చెప్పకుండానే పని పంచుకుంటోందని పొంగిపోయాను. "నా మనుమరాలికి బుద్ధి, అక్కల్ వచ్చినయే విజయా" అని నాతో అని, మా అత్తమ్మ పక్క ఫ్లాట్ వాళ్లకు కూడా చెప్పింది. అంతకుముందు డబ్బా తెరిస్తే మూతలో తినకుండా ఏరిపెట్టిన కరివేపాకులు వరసగా ఉండేవి. విసుక్కునేదాన్ని. ఇప్పుడవి లేకపోవడం కూడా ముచ్చటగానే అనిపించింది.

గురువారం మూత రబ్బరు తడి ఆరక వాసన వస్తోందేమోనని ముక్కు దగ్గర పెట్టుకున్నాను. కూర వాసన లేదు. బాత్‌రూముల్లో చేతులు కడుక్కోవడానికి పెట్టే సబ్బు వాసన. తిన్న డబ్బాను అక్కడికి తీసుకెళ్లి అంత శ్రద్ధగా ఏ పిల్ల కడుగుతుంది? డిగ్రీలో కెమిస్ట్రీ చదివిన ముక్కు ఇన్నాళ్లు ఏం చేస్తోందో!

ఆ సాయంత్రం ట్యూషన్ నుంచి తీసుకొస్తుంటే నారాయణగూడ సిగ్నల్ దగ్గర బండి ఆగింది. మొహం కనపడకపోతే పిల్లలు కాస్త సులువుగా మాట్లాడతారు.

"నీ అన్నం ఎవరు తింటున్నరు అనూ?"

నా నడుము చుట్టూ ఉన్న చెయ్యి బిగిసింది.

"స్కూల్ వెనక రెండు కుక్కలున్నయమ్మా. మంచిగ బలిసినయ్."

నవ్వొచ్చింది, ఆపుకున్నాను.

"నీకేమైతుంది బిడ్డా?"

"టెస్ట్ యాదికొస్తే ముద్ద దిగది. గుండె దడదడ కొట్టుకుంటది. నా దోస్త్ సంజనకొక్కదానికే చెప్పిన. మంగళవారం కౌన్సెలర్ మేడమ్ వస్తది. కలవాలంటే ఇంట్లో సంతకం కావాలె. డాడీ చెయ్యడు కదా."

నిజమే. ఎల్‌కేజీ నుంచి ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం మావారు విద్యాసాగర్‌దే. చదివించడం నాది, సంతకం ఆయనది. "అశోక్‌నగర్ హాస్టల్ పోరగాండ్లను చూడు, ఒక్క పూట తిని గ్రూప్స్‌కు సదువుతున్రు" అని రోజూ కూతురికి చెప్తారు, రెండోసారి అన్నం పెట్టించుకుంటూ.

"నాకన్నా చెప్పొచ్చు కదా?"

"నువ్వు పరేషాన్ అయితవని. అయినా నువ్వు గూడ గంతే కదమ్మా. నాయనమ్మ అడిగితే తిన్న అంటవ్. ఆదివారం నేను చూసిన. ఉత్త ప్లేటు కడిగి బోర్లేసినవ్."

గ్రీన్ సిగ్నల్ పడింది. వెనక హారన్లు. నేను కదలలేకపోయాను. అందరికీ వేడివేడిగా వడ్డించి, వాళ్లు లేచేసరికి నా ఆకలి చచ్చిపోతుంది. తినలేదంటే అత్తమ్మ ఏమైందని అడుగుతుంది, దానికి జవాబు చెప్పాలి. తిన్నానంటే ఒక్క మాటతో అయిపోతుంది. దాన్ని సర్దుకుపోవడం అనుకున్నాను. లెక్కలూ సైన్సూ పక్కన కూర్చుని నేర్పాను గానీ, ఇది మాత్రం నేర్పకుండానే నేర్చుకుంది నా తల్లి.

ఇంటికొచ్చాక, కౌన్సెలర్‌ను కలవడానికి స్కూల్లో ఇచ్చిన కాగితం చూసి ఆయన అననే అన్నారు. "కౌన్సెలింగా? దానికేమన్న పిచ్చా? మేం సదువుకోలేదా? నలుగురికి తెలిస్తే ఏమనుకుంటరు?"

"పిచ్చి కాదు, భయం. జ్వరమొస్తే డాక్టర్ దగ్గరికి తీస్కపోమా?"

తల్లి లేదా తండ్రి సంతకం అన్నచోట నా పేరు పూర్తిగా రాశాను. చేతిరాత ఇంకా బాగానే ఉంది.

తర్వాత గిన్నెలన్నీ తెచ్చి బల్ల మీద పెట్టి అనూ పక్కన కూర్చున్నాను. "దిగినంతే తిను. దిగకపోతే దిగలేదని చెప్పు. డబ్బా గూడ గట్లనే తీస్కరా, కడగకు." అది చిన్న ముద్ద కలుపుకుని, కరివేపాకు ఏరి కంచం అంచున పెట్టింది. ఆ ఆకును చూస్తే నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆయన ఖాళీ కంచం ముందు కూర్చుని నా వైపు చూశారు. "పప్పు?"

"మీ పక్కనే ఉంది" అన్నాను. "నేను తింటున్న."