ఫోటోల్లో లేని కళ్లు

టీ కప్పులో పోశాననుకున్నాను. పక్కన బల్ల మీద పోశాను. నాకిప్పుడు ప్రతి కప్పూ రెండుగా కనబడుతుంది, అందులో ఏది నిజమైనదో పోస్తే గానీ తెలియదు.

"కళ్లు నెత్తికెక్కాయా?" అన్నారు మా ఆయన, పేపర్ పక్కకు లాక్కుంటూ. నేను తలెత్తాను. "చూశావా అమ్మా, ఒక్క మాటంటే ఎలా గుడ్లురుముతుందో!" అన్నారు మా అత్తగారితో.

గుడ్లురమడం కాదు, గ్రేవ్స్ జబ్బు. థైరాయిడ్ అదుపు తప్పింది, కళ్ల వెనక వాచి గుడ్లు ముందుకొచ్చాయి. మాత్రలతో గుండెదడ తగ్గింది గానీ కళ్లు తగ్గలేదు. రెప్పలు పూర్తిగా మూతపడవు గనక ప్లాస్టర్ అంటించుకుని పడుకుంటాను. ఏడాదిగా చెబుతున్నా, అత్తగారికి మాత్రం ఇది కోడలి పొగరే. ఆఫీసులో నన్ను రిసెప్షన్ నుంచి ఫైళ్ల గదికి మార్చారు, వచ్చేవాళ్లు జడుసుకుంటున్నారట. ఆ పూట ఏడుద్దామనుకున్నాను, అప్పుడే వేసుకున్న చుక్కల మందు కారిపోతుందని మానేశాను.

మొన్న కంటి డాక్టరమ్మ అడిగింది, "ఇంట్లో ఎవరైనా సిగరెట్ తాగుతారా? పక్కవాళ్ల పొగ కూడా ఈ కళ్లకు చేటే. ముదిరితే చూపు పోవచ్చు."

"లేదండీ," అన్నాను. మొగుడి పరువు కాపాడటం నాకంత అలవాటు.

"మరి ఇంత తొందరగా ఎందుకు ముదురుతోంది? మీ పాత ఫోటోలు తీసుకురండి, ఎప్పుడు మొదలైందో చూద్దాం."

టీ ఒలికిన బల్ల తుడిచి, ఒక కన్ను చేత్తో కప్పుకుని ఫోన్ తెరిచాను. ఐదేళ్ల ఫోటోలు. మా పాప, మా ఆయన, అత్తగారు, ఆడపడుచు, ఆవిడ పిల్లలు. నేను లేను. తీసింది నేనే కదా! వెనక్కి, ఇంకా వెనక్కి జరిపాను. ఒక్కదాంట్లోనూ లేను. ఐదేళ్లలో ఒక్కరికి కూడా "నువ్వూ రా, నిలబడు" అనాలనిపించలేదా?

అప్పుడు ఇంకోటి కనబడింది. హాల్లో, పడగ్గదిలో, ఆఖరికి పాపను ఒళ్లో కూర్చోబెట్టుకున్నప్పుడు కూడా ఆయన వేళ్ల మధ్య సిగరెట్. ఆ పొగలోనే నిలబడి, "కాస్త నవ్వండి" అంటూ నేనే తీశాను.

ఆ సాయంత్రమే ఫోన్ డాక్టరమ్మ చేతిలో పెట్టాను.

"ఇందులో మీరేరీ?" అంది.

"నావి ఒక్కటీ దొరకలేదండీ. మొన్న మీకు అబద్ధం చెప్పాను. ఇవి మా ఆయనవి. నా కళ్లకు ఏమైందో తేదీలతో సహా ఉంది, చూడండి."