కుందేలు కొరకని మల్బరీ పుల్ల

చదివేవాళ్లు ముందుగా నన్ను మన్నించాలి. మా ఆయన పోయిన మరుసటేడు, నా యాభై ఎనిమిదో ఏట బలపం పట్టుకున్నాను. ఒత్తులు ఇప్పటికీ నాకు లొంగవు. ఒక పేజీ రాయడానికి రెండు పూటలు పడుతుంది. ఈ కథ నాది కాదు. నా నోటు పుస్తకం కాగితాలు గాలికి లేవకుండా వాటి మీద పడుకుని ఉండే ఒక పుల్లది. అది చెప్పినట్టే రాస్తున్నాను. తప్పులు మాత్రం నావి.

నేను ఒక మల్బరీ పుల్లను. జానెడు పొడవు, చిటికెనవేలు లావు. పలమనేరు పక్కన మునస్వామి తోటలో పుట్టాను. మా తోటలో చెట్టుగా ఎదిగే యోగం ఎవరికీ లేదు. రెండు నెలలకోసారి మొదలంటా కోసి, ఆకులతో సహా మోపులు కట్టి, పట్టుపురుగుల షెడ్డుకు మోస్తారు. పురుగులు ఆకులు తినేస్తాయి. మిగిలిన పుల్లలు పొయ్యిలోకి పోతాయి. నా తోడబుట్టినవాళ్లు చాలామంది మునస్వామి ఇంట్లో వేణ్ణీళ్లు కాచి వెళ్లిపోయారు.

ఆ షెడ్డులో పురుగులకు మేత వేసే మనిషి కుప్పమ్మ. అక్కడి కట్టుబాట్లు గట్టివి. పొగాకు నలిపిన చేత్తో ఆకును ముట్టనివ్వరు. పక్క చేలో పురుగుమందు కొడితే ఆ వైపు ఆకు కొయ్యరు. అందుకే పట్టుపురుగు తిన్నదానికంటే శుభ్రమైనది లోకంలో లేదని షెడ్డు మనుషుల నమ్మకం. ఆ నమ్మకమే ఒక రోజు కొంప ముంచబోయింది.

ఎందుకంటే పురుగు తినని వేళ కూడా ఒకటుంది. అది కుబుసం విడిచి ఇంకా మేత ముట్టనప్పుడు, రోగం రాకుండా సున్నం కలిపిన మందుపొడిని పల్చటి గుడ్డలో మూటగట్టి పడక మీద దులుపుతారు. అప్పుడు దాని నోరు కట్టేసి ఉంటుంది కాబట్టి భయం లేదు. పొడి మాత్రం కిందున్న పుల్లల మీద నిలిచిపోతుంది. నా ఒళ్లంతా అదే.

కుప్పమ్మకు అక్షరాలు నేర్పేది ఇందుమతి టీచరు. రిటైరైంది, ఒంటరి మనిషి. ఆమెకు తోడు ఒక తెల్ల కుందేలు. పేరు బూరుగు. సాయంత్రం వసారాలో కుప్పమ్మ గుణింతాలు దిద్దుతుంటే అది పక్కన కూర్చుని చాప అంచు కొరికేది. చాపను కాపాడుకోవడానికి టీచరు తిరునాళ్లలో రంగురంగుల చెక్క బొమ్మ కొని తెచ్చింది. నాలుగు రోజులకు బూరుగు మూతి ఎర్రబడింది. చూసినవాళ్లు తాంబూలం వేసుకుందని నవ్వారు. టీచరు బొమ్మ లాగేసి, ఇక ఏమీ కొరకనివ్వకుండా మెత్తటి అన్నం, బిస్కట్లు పెట్టింది. మనుషుల ప్రేమ ఇలాగే ఉంటుంది. కుందేలు పళ్లు బతికినన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయని, గడ్డి నమిలితేనే అరుగుతాయని ఆమెకు ఎవరూ చెప్పలేదు. రెండు నెలలకు పళ్లు వంకర తిరిగాయి. ఒక పొద్దున బూరుగు తిండి ముట్టలేదు.

పశువుల డాక్టరు జీవితమంతా ఆవుల దవడలు చూసినవాడు. అంత చిన్న నోట్లోకి చూడటానికి కళ్లద్దాలు తుడుచుకుని, మళ్లీ తుడుచుకుని, పళ్లు అరగదీశాడు. కుందేలు పొట్ట ఆగితే మళ్లీ కదలడం కష్టమని, రేపు సాయంత్రంలోపు అది తనంత తాను కొరికి తినాలని, పెంటికలు పడాలని చెప్పాడు. అప్పటిదాకా జావ పట్టమన్నాడు.

ఏం పెట్టాలో, ఏం పెట్టకూడదో ఆయన చెప్పినవన్నీ టీచరు పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసుకుంది. ఆ పూట కుప్పమ్మకు అదే పాఠం. చదవమని ఇచ్చి టీచరు బూరుగును ఒళ్లోకి తీసుకుంది.

"అది పోతే నాతో మాట్లాడేదానికి గోడలే మిగుల్తాయి కుప్పక్కా."

కుప్పమ్మ వేలు పెట్టి చదివింది. మొదటి వరుస: ముందు గడ్డి, ఎప్పుడూ గడ్డి. రెండో వరుస: కొరకడానికి మల్బరీ పుల్ల, వెదురు ముక్క. అక్కడే ఆగిపోయింది. కాగితం మీద తను పనిచేసే తోట మాట మొదటిసారి కనబడింది మరి. మనుషులు తమకు తెలిసిన మాట దొరకగానే మిగతాది చదవరు. ఇంకా రెండు వరుసలుండగానే కాగితం మడిచి టీచరు చేతిలో పెట్టి వెళ్లిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం మేత పని అయ్యాక, పురుగుల పడక మీదనుంచే మమ్మల్ని ఏరింది. నున్నగా ఉన్నవి ఏడు పుల్లలు. జనపనారతో దండలా కట్టింది. మేకు లేదు, జిగురు లేదు. పొయ్యికి బదులు ముద్దుగా పెరిగిన కుందేలు నోటికి పోతున్నానని నేను పొంగిపోయిన మాట నిజం.

టీచరు దండను బూరుగు ముందు పెట్టింది. పొద్దుటినుంచి కదలని ఆ ప్రాణి ముక్కు ఆడించింది. టీచరు దండను ఇంకాస్త ముందుకు జరిపింది. కుప్పమ్మ కాళ్లూ చేతులూ కడుక్కుందామని తొట్టి దగ్గరికి వెళ్లి చెంబుతో నీళ్లు పోసుకుంది. నీళ్లు తెల్లగా జారాయి. వేళ్లు ఒకదాని మీద ఒకటి జర్రున జారుతున్నాయి, పగుళ్లు భగ్గున మండాయి. చెంబు అక్కడే వదిలేసింది.

బూరుగు మీసం నాకు తగిలింది. పెదవి విడివడింది.

"టీచరమ్మా, ఆ దండ తియ్యి. నోట పెట్టనీకు."

టీచరు లాగేసింది. ఏమైందక్కా అంది. షెడ్డులో మందుపొడి కొట్టారని, కొట్టింది తానేనని కుప్పమ్మ చెప్పింది. టీచరు కోప్పడలేదు. తడిగుడ్డతో బూరుగు మూతి తుడిచి, ముక్కు దగ్గర వాసన చూసి, గూట్లోంచి కాగితం తీసింది.

"ఇదంతా చదివినావా?"

"చదవలా. మల్బరీ దొరికినాక ఇంక చదవబుద్ధి కాలా."

"అయితే ఇప్పుడు చదువు. చదివినాకే పో."

తిండి లేక కుందేలు అటు మూలుగుతుంటే ఇటు పాఠం. కుప్పమ్మ నిలబడే చదివింది. రంగు, జిగురు, మేకు ఉన్నవి వద్దు. గన్నేరు వద్దు, మందు తగిలినది ఏదీ వద్దు. అంత పొడుగు వరుసలు జన్మలో చదవలేదు. చదివి, కొంగు దోపుకుని, రోడ్డు మీదికి పోయి ఆటో ఆపింది.

నన్ను గోడ గూట్లో పడేశారు కాబట్టి తర్వాత జరిగినవన్నీ అక్కడినుంచే చూశాను. ఎండ వాలకముందే ఆమె తిరిగి వచ్చింది. మునస్వామిని నాలుగుసార్లు అడిగి, ఏ మందూ సోకని మడిలో నిలబడి ఉన్న కొమ్మలే కోయించుకుని, తోటలోనే కడిగి తెచ్చింది. ఆకులతో సహా, పక్కన చారెడు ఎండుగడ్డితో పెట్టింది. బూరుగు చాలాసేపు చూసింది. ముందు ఒక ఆకు కొస. తర్వాత టక్కుమని బెరడు మీద పన్ను పడిన చప్పుడు. అది ఆగలేదు. ఇద్దరు ఆడవాళ్లూ గోడకానుకుని కూలబడ్డారు.

దీపాలు పెట్టే వేళకు టీచరు గొంతు వినిపించింది.

"కుప్పక్కా, ఇట్ల రా. చూడు."

నేల మీద పెంటికలు. మిరియాలంత నల్లగా, గుండ్రంగా పదకొండు. నోటు పుస్తకంలో సిరా మరక పడితే ఊరుకోని మనిషి, వాటి పక్కన గొంతుక్కూర్చుని ముత్యాలు చూసినట్టు చూస్తోంది. కుప్పమ్మ పకపకా నవ్వింది. తర్వాత కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

పారేద్దామని దండ విప్పినప్పుడు ఆమె నన్నొకదాన్ని ఉంచుకుంది. బెరడు ఒలిచి, నాలుగు నీళ్లలో కడిగి, ఎండలో పెట్టి పుస్తకం మీదికి ఎక్కించింది. పాఠం ముగించి మడవబోయే ముందు ఇప్పుడు ఆమె చూపు నా మీద పడుతుంది. చివరి వరుస దాకా చదివి గానీ మడవదు. నా చెల్లెళ్లలాంటి పుల్లలు వారం వారం వసారాలో పొట్టు పొట్టు అవుతుంటాయి. వాటిని చూసి నాకు అసూయ లేదు. ఆ రోజు నా దాకా వచ్చింది మీసం ఒక్కటే కదా అని తలచుకుంటే చాలు, నా బరువు సగం తగ్గినట్టుంటుంది.

ఇట్లు,
కుప్పమ్మ. వయసు అరవై మూడు. పలమనేరులో, ఇందుమతి టీచరు ఇంటికి రెండిళ్ల అవతల ఉంటున్నాను. బూరుగు బాగుంది.