బ్యారనెస్ మొగుడు

హిందూపురంలో ఫ్లెక్సీలు వేసే నీలావతికి ఓపిక నశించింది. గోరంట్ల పక్క పల్లెలో పుట్టి లండన్‌లో స్థిరపడిన డాక్టరమ్మకు అక్కడ బ్యారనెస్ బిరుదు వచ్చింది. ఆమె భర్తతో కలిసి ఊరికొస్తోందని, స్వాగతం బోర్డు వేయించడానికి ఆ ఊరి అశ్వత్థప్ప పొద్దున్నే వచ్చి కూర్చున్నాడు.

"డాక్టరమ్మ మొగుని పేరు ముందర లార్డ్ అని పెట్టమ్మా" అన్నాడు మూడోసారి.

"ఎన్నిసార్లు చెప్పల్లన్నా? మొగుడు లార్డయితే పెండ్లాం లేడీ అయితాది. పెండ్లాం బ్యారనెస్ అయితే మొగునికి ఏమీ రాదు. ఆయప్ప ఉత్త శ్రీ!"

"ఇదేమి అన్యాయమమ్మా! మొగునికి లేని పేరు పెండ్లానికి యాడన్నా ఉంటుందా?"

"ఆడ ఉండాది."

అశ్వత్థప్ప మొహం చిట్లించుకుని బోర్డు చివరి వరుస చెప్పాడు. "ఇట్లు, సర్పంచ్ అశ్వత్థప్ప."

నీలావతికి ఒళ్లు మండిపోయింది. ఎన్నికల్లో నిలబడి గెలిచింది ఆయన భార్య గంగరత్నమ్మ. ఆమెనే అడిగి తేల్చుకుందామని అప్పటికప్పుడే ఫోన్ చేసింది.

"అక్కా, బోర్డు మీద సర్పంచ్ అని ఎవరి పేరు ఎయ్యల్ల?"

"అయ్యన్నీ నాకేం తెలుసమ్మా?" అంది గంగరత్నమ్మ. "సర్పంచ్ నీ అంగడికే వచ్చినాడు కదా, ఆయన్నే అడుగు."