గుల్ల చూపించిన ఒడ్డు

మ్యూజియంలో సముద్రపు నత్తల విభాగమంతా ఆమె చేతిమీదే నడుస్తుంది. గుల్లను ఇలా తిప్పి అలా చూసి, అది ఏ జాతిదో, రాళ్ళలో బతికిందో ఇసుకలో బతికిందో ఇట్టే చెప్పేస్తుంది. అంతటి మనిషికీ సొంత ఇంట్లో ఉన్న గుల్ల ఒకటి కొరుకుడు పడలేదు.

ఆ గుల్ల తల్లిది. పెళ్ళయిన కొత్తలో కాపురమున్న ఊరి ఒడ్డున ఏరుకున్నది. ఇప్పుడు మతిమరుపు ముదిరి ఆవిడ ఆ ఊరి పేరే మరిచిపోయింది. చెప్పాల్సిన తండ్రి ఏనాడో పోయాడు, అడుగుదామంటే ఆనాటివాళ్ళెవరూ మిగల్లేదు. "ఆ ఒడ్డుకి ఒక్కసారి తీసుకెళ్ళవే," అని మాత్రం పొద్దస్తమానం అదే పాట. ఆ కాస్త జ్ఞాపకమూ చెరిగిపోయేలోపు తీసుకెళ్ళాలని కూతురి ఆరాటం.

మందపాటి గుల్ల, ఒళ్ళంతా బుడిపెలు, దళసరి అంచు. అలల దెబ్బలు తినే రాళ్ళమీది నత్త, సందేహమే లేదు. ఆ జాతి దొరికే తీరం మొత్తానికి రాళ్ళున్న చోటు ఒక్కటే. తల్లిని కారెక్కించి అక్కడికి తీసుకెళ్ళింది. ముసలావిడ ఆ రాళ్ళను ఎగాదిగా చూసింది.

"ఇక్కడ కాదే. కాళ్ళు దిగబడాలి. నీ చదువు తగలెయ్య!"

కూతురికి తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చి గుల్లను మళ్ళీ భూతద్దం కింద పెట్టింది. నోటి పక్కన ఒకవైపే నున్నగా అరిగి ఉంది. లోపలి మలుపులో ఎండిన బూడిదరంగు బురద. హవ్వ, ఎంత తెలివితక్కువ పని! నత్త చచ్చాక ఖాళీ గుల్లలో ఏదో పీత కాపురం పెట్టింది. దాన్ని ఈడ్చుకుంటూ రాళ్ళు దాటి తన బురదలోకి పోయింది. తానేమో గుల్ల కట్టుకున్న నత్తను చూసి, తర్వాత అందులో చేరిన పీతను మరిచింది. రాళ్ళకు కాస్త అవతల, ఏరు సముద్రంలో కలిసేచోట, బురద మేట ఉండనే ఉంది.

మర్నాడు ఉదయం అక్కడ తల్లి చెప్పులు విడిచి, చీలమండల దాకా బురదలో దిగబడి పకపకా నవ్వింది.

"ఇదే! ఇదేనే!"

కూతురికి ప్రాణం లేచొచ్చింది. తల్లి పడిపోకుండా చెయ్యి పట్టుకుంది. తల్లి ఆ చేతిని, తర్వాత ఆ ముఖాన్ని కొత్తగా చూసింది.

"ఎవరమ్మా నువ్వు? చల్లని తల్లివి, పడకుండా పట్టుకున్నావు." రెండో చెయ్యి పొట్టమీద పెట్టుకుంది. "ఇంకా నెలలు నిండలేదులే. ఆడపిల్లే, నాకు తెలుసు. పుట్టాక ఇక్కడికే తెచ్చి ఆడిస్తా."

కూతురికి ఎంత బాధో అంత సంతోషం. తన కోసం ఇంత ఆశగా ఎదురుచూశారని ఆమెకు ఇన్నాళ్ళూ తెలియదు.

"తీసుకురండమ్మా," అంది చెయ్యి వదలకుండా. "తప్పకుండా వస్తుంది."