సిల్హల్మి వంశ చరిత్రలో లేని పుట

కోత అయిపోయిన గోధుమ పొలం మధ్యలో నలభై మంది కూర్చునే పొడవాటి భోజనాల బల్ల వేసి ఉంది, దాని మీద పరిచిన తెల్లటి దుప్పటి గాలికి ఉబ్బి మళ్ళీ అణుగుతోంది, ఆ చివరి కుర్చీలో ఎతెల్కా నేని ఒక్కతే కూర్చుని, కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చుకుని, కొత్త అట్ట బిగువు వదలని పుస్తకం ఒకటి పుటపుటా తిప్పుతోంది. ఆమె పోయి పద్నాలుగు నెలలైందని నాకు తెలుసు. పరాయి దేశంలో, దెబ్రెత్సెన్‌లో వైద్యం చదవడానికి వెళ్ళిన నాకు నాలుగేళ్ళు తన ఇంట్లో గది ఇచ్చి, జ్వరమొస్తే చారు కాచి పెట్టిన మనిషి. ఆమె శవపేటిక మీద మొదటి పిడికెడు మట్టి వేసిందీ నేనే. అయినా ఆమె అక్కడ ఉండడం వింతగా అనిపించడం లేదు, ఆ పుస్తకం ఆమె చేతుల్లో ఉండడమే గుబులుగా ఉంది.

"ఆలీసం సేసీసినావు పైడీ. కూకో," అంటోంది.

అచ్చం మా విజయనగరం మామ్మ మాట. బతికుండగా ఈమెకి తెలుగులో "అన్నం" అన్న ముక్క ఒక్కటే వచ్చేది.

"నేనీ, మీకు మా మాట ఎలా వచ్చింది?" అని అడుగుతాను. నేని అంటే అక్కడివాళ్ళు పెద్దావిడని పిలిచే పిలుపు, మనం పిన్నిగారూ అన్నట్టు.

"సచ్చిపోయినాక బాసలదేటుందమ్మా. నువ్వు ఏ మాటకి అబద్దం ఆడలేవో ఆ మాటే నా నోట్లోకి వొస్తాది," అని పుట తిప్పుతుంది.

అది ఆమె పుట్టిన సిల్హల్మి వంశ చరిత్ర. రెండు చలికాలాల పాటు ప్రతి ఆదివారం ఆమె చెబుతుంటే నేను కంప్యూటర్లో ఎక్కించాను. తురుష్కులతో యుద్ధం చేసినందుకు రాజు ఇచ్చిన ఎనిమిది వేల ఎకరాలతో మొదలై, వియన్నా నుంచి ఎడ్లబండి మీద పియానో తెప్పించుకుని దారిలో అది బురదలో కూరుకుపోతే అక్కడే కూర్చుని వాయించిన ముత్తవ్వ మీదుగా, రెండో ప్రపంచ యుద్ధం తరవాత ప్రభుత్వం భూములన్నీ పంచేసి వాళ్ళని వెళ్ళగొట్టిన రోజులదాకా మూడు వందల ఏళ్ళు. నేను బల్ల వెంట ఆమె వైపు నడుస్తుంటే కాళ్ళ కింద గోధుమ మోళ్ళు గుచ్చుకుంటాయి, అంతలోనే అవి తడిసి చెక్కలైపోతాయి, బల్లతో సహా మేం తీస నది మీద పంటు ఎక్కి కదులుతూ ఉంటాం, అవతలి గట్టు మీద వాళ్ళ పసుపు రంగు మేడ కనిపిస్తూ, దగ్గరకొచ్చేసరికి రెల్లు కప్పిన గొర్రెల కొట్టం అయిపోతుంది. ఆ కొట్టం నాకు తెలుసు, తొమ్మిదో అధ్యాయం. పందొమ్మిది వందల యాభై ఒకటిలో, ఒకప్పటి భూస్వాములన్న నేరానికి అధికారులు లారీ తెచ్చి ఆ కుటుంబాన్ని ఎక్కించి మైదానంలో వెట్టిపనికి దింపిన చోటు. అప్పుడు ఎతెల్కాకి పదిహేడేళ్ళు.

కొట్టంలో గడ్డి మీద నా పక్కన కూర్చుని ఆమె పుస్తకం నా ఒళ్ళో పెడుతుంది.

"ఏడో అద్దేయం తరవాత ఒక పుట ఉండాల. మూడుసార్లు ఎతికినాను. ఏల ఒగ్గేసినావు?"

ఆ పుట ఆమె అన్నింటికన్నా చివర చెప్పింది, అదీ ఆసుపత్రి మంచం మీద. పద్దెనిమిది వందల తొంభై ఏడు వేసవి. పండిన దాంట్లో పదో వంతు కూలీగా తీసుకునే కోతగాళ్ళకి, ఆ ఏడు పన్నెండో వంతే ఇస్తానన్నాడు ఆమె తాత ఫర్కష్. వాళ్ళు పొడుగు కర్రల కొడవళ్ళు పక్కన పడేసి పొలంలోనే కూర్చున్నారు, రెండు రోజులు లేవలేదు. మూడో రోజు ఫర్కష్ కబురంపితే సాయుధ పోలీసులొచ్చారు. వాళ్ళ కాల్పుల్లో ముగ్గురు చచ్చిపోయారు. ఎతెల్కా తండ్రి అంతకుముందు రాసిపెట్టిన చరిత్రలో ఆ సంవత్సరం దగ్గర ఒకటే వాక్యం: వానల వల్ల కోతలు ఆలస్యమైనవి. ఆమెకి ఆ సంగతి చెప్పింది పెంచిన ఆయా.

"గాష్పార్ వద్దన్నాడు," అంటాను. గాష్పార్ ఆమె అన్న కొడుకు, పుస్తకం అచ్చు వేయించిన మనిషి. "మంచి పేరున్న వంశం, ఎప్పుడో జరిగినదాన్ని ఇప్పుడు తవ్వుకోవడం దేనికి అన్నాడు."

"ఆడు అంటాడు, ఆడి సంగతి నాకెరికే. నిన్నడుగుతున్నాను."

అబద్ధం ఆడాలని నోరు తెరుస్తాను, మాట కదలదు. నిజానికైతే కదులుతుంది.

"ఆ ఇల్లు ఇప్పుడు ఆయనది కదా నేనీ. కాదంటే గది ఖాళీ చెయ్యమంటాడని భయపడ్డాను. చదువింకా ఏడాది ఉంది."

కోప్పడుతుందని తల దించుకుంటాను. ఆమె నా జడ పట్టుకుని చివరి పాయ విప్పి మళ్ళీ అల్లుతుంది, బతికుండగా ఎప్పుడూ చెయ్యని పని.

"మా నాయినా అంతే. ఆ మాట రాసీస్తే ఆళ్ళయ్య ఇంట్లోంచి గెంటీస్తాడని బయిపడ్డాడు. వాన కురిసిందని రాసీసినాడు. ఆ ఏడు సుక్క వాన లేదమ్మా."

బయట లారీ ఇంజను చప్పుడు వినిపిస్తుంది, అది పాతదో ఇప్పటిదో తెలియడం లేదు. లారీ పక్కన ఊరి జనం దూరంగా నిలబడి చూస్తూ ఉన్నారు, అందులోంచి తలగుడ్డ కట్టుకున్న పడుచు ఒకతి ముందుకొచ్చి, ఎతెల్కా తల్లి భుజాల మీద తన ఉన్ని శాలువా కప్పి వెనక్కి వెళ్ళిపోతుంది.

"అది జుజా," అంటుంది నేని. "తుపాకీ దెబ్బకి పోయినోడు బాలింత్ సూచ్, ఆడి మనవరాలు. మా తాత దాని తాతని సంపించినాడు, అదొచ్చి మా అమ్మకి సలేస్తాదని శాలువా కప్పినాది. నాకప్పటికే అంతా ఎరిక. లారీ మీంచి దాని మొకం సూసినాను. పోలీసుల్ని పిలిపించినోడు మా తాతేనని సెప్పీయాలనుకున్నాను. నోరు రాలేదు. అలాగే డెబ్బయ్యేళ్ళు ఎలిపోనాయి."

"ఆవిడ ఇంకా ఉందా?" అని తెలిసినా అడుగుతాను.

"తొంబై దాటీసినాది. సెవులు బాగానే ఇనిపిస్తాయంట. ఆ పుట పుస్తకంలో లేకపోతే పోనీ, దానికి సదివి ఇనిపించు."

"ఆవిడ కోప్పడితే?"

"కోప్పడనీ. ఆ కోపం దానిది. మనం దాసుకుంటే అదీ దొంగతనమే."

కొట్టం గోడలు పలచబడి వాటి వెనక మళ్ళీ పొలం కనిపిస్తుంది, మాకు వీపులు పెట్టి కూర్చున్న కోతగాళ్ళు, వందమందో ఇంకా ఎక్కువో, టోపీలు మోకాళ్ళ మీద పెట్టుకుని దేనికోసమో ఎదురుచూస్తున్నారు. నేని నన్ను ముందుకి తోస్తుంది.

"పిలువు."

ముగ్గురి పేర్లూ నాకు వచ్చు, నేనే ఎక్కించాను. బాలింత్ సూచ్. మిహాయ్ ఓలా. కోసినదాన్ని కట్టలు కట్టే ఎర్జె అనే ఆడమనిషి. గొంతు చించుకుంటున్నాను, పెదవులు ఆడుతున్నాయి, చప్పుడు రావడం లేదు. వెనక్కి తిరిగి చూస్తే నేని లేదు. ఎవరో ఒకాయన కూర్చున్న చోటినుంచే తల ఇటు తిప్పబోతున్నాడు, మళ్ళీ ఊపిరి తీసుకుని...

కుదుపుకి మెలకువ వచ్చింది. మధ్యాహ్నపు ఎండ మొహం మీద పడుతోంది. ప్యాసింజరు రైలు, ఆదివారం. ఆ పుట నాలుగు మడతలు పెట్టి సంచిలో ఉంది. జుజా ఊరికి ఇంతకుముందు రెండుసార్లు బయల్దేరి, రెండుసార్లూ జంక్షన్లో దిగి వెనక్కి వెళ్ళిపోయినదాన్ని. కిటికీలోంచి చూస్తే జంక్షన్ ఎప్పుడో దాటిపోయింది.

ఎదుటి సీటులో బుట్ట ఒళ్ళో పెట్టుకున్న పెద్దావిడ నన్నే చూస్తోంది.

"బాలింత్ ఎవరమ్మా?" అని అడిగింది. "నిద్రలో గట్టిగా పిలిచావు."